ముందు పాట, తర్వాత మాట

మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు పాట వస్తుంది. పాట మొత్తం అయ్యాకే తెర మీద అక్షరాలు వస్తాయి. అక్షరాలు వస్తేనే మా ఆయన మాట్లాడగలడు. కొన్ని నెలల పాటు మా సంసారం ఈ వరసలోనే నడిచింది. ఆ వరస రాసింది నేనే, రాయించింది ఆయన.

ఆయన బస్సు కండక్టర్. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఆ రోడ్డు మీద ఆయన గొంతు తెలియనివాళ్లు లేరు. తల్లాడ అని ఒక్క కేక వేస్తే వెనక సీట్లో గురక పెట్టేవాళ్లు కూడా లేచి సంచులు సర్దుకునేవాళ్లు. అడవి ఊళ్ల దగ్గర ఎక్కే కోయ ముసలమ్మలతో వాళ్ల భాషలోనే రెండు ముక్కలు మాట్లాడి, వాళ్లు నవ్వితే ఆ రోజంతా సంబరపడేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు పక్కన పెట్టేయమనేవారు.

ముందు వేళ్ల మధ్య టికెట్లు నిలవడం మానేశాయి. తర్వాత మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. పొద్దున్నే తాగి డ్యూటీకి వచ్చాడని ప్రయాణికులు అనుకున్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషిని ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ మండుతుంది. హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ పరీక్షలన్నీ చూసి, నరాల జబ్బమ్మా, ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదు, చివరికి ఊపిరి దాకా వస్తుంది అని చెప్పాడు. చెప్పి నా చేతిలో నీళ్ల సీసా పెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆయనకు కళ్లూ, కుడికాలి బొటనవేలూ మిగిలాయి. మెదడు మాత్రం వజ్రంలా ఉంది. అదే అన్నిటికన్నా పెద్ద శిక్ష అని నాకు అనిపించేది.

నేను జూనియర్ కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ చెబుతాను. పర్ణశాల వెళ్లే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఒక ఇంట్లో కింది వాటా కిరాయికి తీసుకున్నాం. పైన ఇంటివాళ్లు ఉంటారు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ మిరప తోటలు వేసినవాళ్లు. ఆ ఇంటావిడను నేను పిన్నిగారూ అంటాను.

కాలేజీలో పక్కన పడేసిన ఒక పాత కంప్యూటర్ అడిగి తెచ్చుకున్నాను. ఆ ముసలిదాని మీద కొత్త సరుకేదీ నడవదు కాబట్టి పాత యంత్రాల మీద కూడా నడిచే లినక్స్ ఎక్కించాను. ఒక మౌస్‌ను విప్పి, దాని ఎడమ బటన్ తీగలు కాలింగ్ బెల్ స్విచ్‌కు అతికించి, ఆ స్విచ్‌ను ఆయన బొటనవేలి కింద కట్టాను. తెర మీద అక్షరాల వరసలు ఒకటి తర్వాత ఒకటి వెలుగుతుంటాయి. కావలసిన వరస వెలిగినప్పుడు నొక్కాలి, తర్వాత ఆ వరసలో కావలసిన అక్షరం దగ్గర నొక్కాలి. మాట పూర్తయ్యాక యంత్రం దాన్ని పైకి చదువుతుంది. దానికి మేం పెట్టుకున్న పేరు బోర్డు.

బోర్డు ఒక ఎత్తు, కంప్యూటర్ ఆన్ కాగానే అది దానంతట అదే తెరుచుకోవడం ఇంకో ఎత్తు. నేను కాలేజీలో ఉన్నప్పుడు కరెంటు పోయి వచ్చి కంప్యూటర్ మళ్లీ ఆన్ అయితే పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు ఎవరు? నేను లేనప్పుడు ఆయన్ను కనిపెట్టుకుని ఉండే పిన్నిగారికి టీవీ రిమోట్ అంటేనే భయం. అందుకని పాస్‌వర్డ్ అడగకుండా నేరుగా లోపలికి వెళ్లాలి, వెళ్లాక బొమ్మలూ మెనూలూ ఏమీ లేకుండా బోర్డు ఒక్కటే రావాలి. లోపలికి వెళ్లాక ఏ పని తర్వాత ఏ పని జరగాలో ఒక చిన్న ఫైలులో వరసగా రాస్తారు, స్టార్టప్ ఫైలు అంటారు దాన్ని. దాని పేరు ముందు ఒక చుక్క ఉంటుంది, అందుకని మామూలుగా చూస్తే కనపడదు. యంత్రం పైనుంచి కిందికి ఒక్కో వరస చదివి అది చెప్పినట్టు చేసుకుంటూ పోతుంది.

చెప్పడానికి ఇంతే. చేయబోతే చుక్కలు కనపడ్డాయి. లోపలికి వెళ్లినట్టే వెళ్లడం, తెర నల్లబడడం, మళ్లీ లాగిన్ గుమ్మం దగ్గర నిలబడడం. తప్పేమిటో చెప్పదు. ఆ ఫైలులో చివరి వరస మీద ఏ ప్రోగ్రాం ఉంటే అదే ఆ సెషన్‌కు, అంటే లోపలికి వెళ్లాక నడిచే పని మొత్తానికీ, ప్రాణమనీ, అది ఆగిపోతే సెషన్ ముగిసినట్టు లెక్కగట్టి మనల్ని బయటికి తోసేస్తుందనీ అర్థమయ్యేసరికి నా పని అయిపోయింది. నేను బోర్డును చివర పెట్టలేదు. ఆయన మంచం మీంచి నన్నే చూస్తుంటే నాకు వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయేది. పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, మొగుడికి నోరు తెరిపించలేకపోతున్నానని వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. మా మధ్య అప్పటికి మిగిలింది అవునంటే పైకి, కాదంటే కిందికి చూసే కళ్లు మాత్రమే.

ఒక ఆదివారం బోర్డు నిలబడింది. ఆయన అన్న మొదటి మాట గొప్పగా ఏమీ లేదు, ఫ్యాను తగ్గించమన్నాడు. నేను ఫ్యాను తగ్గించి, మంచం పట్టె మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాను.

పాట సంగతి ఆ తర్వాత వచ్చింది. మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దున లేచాక దేవుడి పాట పాడందే ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదు. నీళ్లు కావాలన్నా సైగ చేయాల్సిందే. ఇది మా అత్తమ్మ పెట్టిన చట్టం. పాట మధ్యలో ఎవరైనా నోరు జారితే ఆవిడ కళ్లు తెరవకుండానే మళ్లీ మొదటి చరణం ఎత్తుకునేది. అన్నదమ్ములు ఆకలితో ఒకళ్లనొకళ్లు గిల్లుకుని, కుయ్యిమని, మళ్లీ మొదటికొచ్చి తన్నులాడుకునేవాళ్లట. నేను బోనకల్ దగ్గర పుట్టిన కేథలిక్కు పిల్లను. మా ఇంట్లో అందరం లేస్తూనే ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకునేవాళ్లం, దేవుడి సంగతి తర్వాత చూసుకునేవాళ్లం. పెళ్లయిన కొత్తలో ఈ చట్టానికి నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. ఆవిడ పోయాక కూడా ఆయన దాన్ని వదల్లేదు.

గొంతు పోకముందు ఒక పొద్దున ఆయన పాడుతుంటే నేను ఫోనులో రికార్డు చేసి పెట్టుకున్నాను. అన్ని చరణాలూ ఉన్నాయి, మధ్యలో మా కుక్కర్ విజిల్ కూడా ఉంది. ఆ పాటను స్టార్టప్ ఫైలులో మొదట పెట్టమని ఆయన అడిగాడు. పెట్టాను, పాట వినపడుతుండగానే బోర్డు కూడా తెరుచుకునేలా పెట్టాను. ఆయన ఒప్పుకోలేదు. పాట అయ్యాకే బోర్డు రావాలన్నాడు. అంతటితో ఆగలేదు. అక్షరం అక్షరం నొక్కుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చుని ఒక వాక్యం చెప్పాడు:

"మధ్యల ఆగితే మళ్ల మొదటికెల్లి."

నేను వాదించాను. అవసరానికి అడ్డం పడుతుందన్నాను. కానీ ఒక్క వాక్యానికి పూట ఖర్చు పెట్టే మనిషితో వాదించి గెలిస్తే అది గెలుపు కాదు. పాట సవ్యంగా పూర్తయితేనే బోర్డు తెరవమని రాశాను. పాట తెగితే బోర్డు రాదు. బోర్డు రాకపోతే సెషన్ ముగిసిపోతుంది. సెషన్ ముగిస్తే యంత్రం మళ్లీ తనంతట తానే లోపలికి వెళ్లి పాటను మొదటి చరణం నుంచి ఎత్తుకుంటుంది. మా అత్తమ్మను కంప్యూటర్‌లో కూర్చోబెట్టినట్టయింది.

పొద్దున పూట బాగానే ఉండేది. ఆయన కళ్లు మూసుకుని తన పాట తాను వినేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు విజిల్ వినపడగానే వంటింటి వైపు చూసేవాళ్లు. ఎండాకాలం వచ్చాక కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు పోవడంతో మధ్యాహ్నం కూడా, సాయంత్రం కూడా పాట మొదలయ్యేది. మీ కంప్యూటర్‌కు భక్తి ఎక్కువైందమ్మా అని పిన్నిగారు మెట్ల మీంచి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. పాట అయ్యేదాకా ఆయన ఏమనుకుంటూ పడుకున్నాడో నేను ఎన్నడూ అడగలేదు. అది ఆయన కోరుకున్న పాట, అడగాల్సిన పనేముంది అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పెద్ద గాలిదుమారం లేచింది. రేకులు లేచిపోతాయేమో అన్నంత గాలి. కరెంటు పోయింది. కిటికీలు మూసి, లోపలికి కొట్టుకొచ్చిన ఆకులూ దుమ్మూ ఊడ్చి, కరెంటు వచ్చాక కంప్యూటర్ ఆన్ కావడం చూసి నేను వంటింట్లోకి వెళ్లాను. పాట మొదలైంది. పాటతోపాటు ఇంకో చప్పుడు కూడా వినపడింది. టకటకమని ఆగకుండా స్విచ్ నొక్కుతున్న చప్పుడు. బోర్డు రాకముందు నొక్కి లాభం లేదని ఆయనకు తెలుసు. ఆ తెలిసిన మనిషి నొక్కుతున్నాడని స్టవ్ ఆర్పేసి పరుగెత్తాను.

వెళ్లి చూస్తే ముఖమంతా చెమట. కళ్లు ఒకచోట నిలవడం లేదు, కొట్టుకుంటున్నాయి, నీళ్లు కారుతున్నాయి. పైకి చూశాడో కిందికి చూశాడో తెలియడం లేదు. ఊపిరి ఆడడం లేదా అని అడిగాను. అవునైతే వేలు నొక్కమన్నాను. నొక్కలేదు. నొప్పా అంటే నొక్కాడు. కాళ్లు, కడుపు, ఛాతీ, వీపు, ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాను. దేనికీ నొక్కలేదు. తలలోనా అనగానే టకటకా నొక్కాడు.

తల అనగానే నా తల పనిచేయడం మానేసింది. మెదడులో నరం చిట్లింది, ఇక అయిపోయింది అనుకున్నాను. పిన్నిగారిని కేకేశాను. ఆవిడ పరుగున వచ్చి ఆయన నుదురు పట్టుకుని చూసి, వాళ్లబ్బాయికి ఫోను చేసి అంబులెన్సు పిలవమంది. గాలికి రోడ్డు మీద చెట్టు పడిందనీ, అది తీసేదాకా అటువైపు నుంచి ఏ బండీ రాదనీ అతను చెప్పాడు. ఆయనకు మింగుడు పడదు, ఇంట్లో ఉన్న మాత్ర నూరి పాలు పట్టే గొట్టంలో పోద్దామంటే ఇది దేని నొప్పో తెలియదు. ఎలాంటి నొప్పి, ఎప్పటినుంచి, తలలో ఎక్కడ, ఇవన్నీ ఆయనకు తెలుసు. చెప్పడానికి బోర్డు కావాలి. బోర్డుకు ముందు పాట ఉంది. ఆ గదిలో ఆయన గొంతు హాయిగా, నిండుగా రెండో చరణం పాడుతోంది. ఆ గొంతు గల మనిషి మంచం మీద వేలు కొట్టుకుంటున్నాడు.

స్పీకర్ తీగ పీకేశాను. శబ్దం ఆగింది గానీ పాట ఆగలేదు, లోపల నడుస్తూనే ఉంది, తెర నల్లగానే ఉంది. రెండు కీలు నొక్కిపట్టి మూడోది కొడితే అక్షరాలు మాత్రమే ఉండే వేరే తెర వస్తుంది. అక్కడికి వెళ్లి పాటను చంపేశాను. వెనక్కి వచ్చి చూస్తే నల్ల తెరే. తీగ మళ్లీ పెట్టి చూద్దును కదా, పాట మొదటి చరణం నుంచి మొదలైంది.

మళ్లీ చంపాను. మళ్లీ మొదలైంది. నేనే రాసిన నియమం, నా చేత్తో పరీక్షించి బాగుందనుకున్న నియమం, ఆ క్షణాన నాకు గుర్తే రాలేదు. యంత్రం పగబట్టిందనుకున్నాను. పిన్నిగారు వాళ్ల దేవుడికి మొక్కుతోంది. నేను మా దేవుడిని నోటికొచ్చినట్టు తిట్టాను. నీ పాటే కదా, ఒక్కసారి నోరు మూసుకోలేవా అని పైకే అన్నాను. పిన్నిగారు విన్నది, మొక్కడం మాత్రం ఆపలేదు. బొటనవేలి చప్పుడు మధ్యలో నెమ్మదించింది. అది నెమ్మదించడం చప్పుడు కన్నా భయంకరంగా ఉంది.

అప్పుడు ఆ స్టార్టప్ ఫైలు తెరిచాను. కమాండ్ తప్పు కొట్టాను, మళ్లీ కొట్టాను. పాట వరస కనపడింది. దాన్ని మొత్తం చెరిపేశాను. ఇప్పుడు ఆ ఫైలులో బోర్డు ఒక్కటే ఉంది. సెషన్‌ను మళ్లీ మొదలుపెట్టాను. తెర ఒక్కసారి నల్లబడింది, వెంటనే అక్షరాలు వెలిగాయి.

ఆయన నొక్కాడు. వరస, తర్వాత అక్షరం. చ.

చస్తున్నా అని చెప్పబోతున్నాడనుకున్నాను. తెర వైపు చూడలేక ఆయన కాళ్లు పట్టుకున్నాను. పిన్నిగారు గట్టిగా చదివింది.

"చెవి అంటున్నాడమ్మా. చెవిలో చీమ."

గాలికి ఆకులతోపాటు కొట్టుకొచ్చిన ఎర్రచీమ. తలగడ మీది చెవిలోకి దూరి లోపల కుడుతోంది. చెయ్యి ఎత్తి చెవి దులుపుకుంటే పోయేదానికి, ఆ చెయ్యి లేక ఆయన అంతసేపు భరించాడు. నేను ఒళ్లంతా అడిగి చెవి ఒక్కటీ అడగలేదు. గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేసి తల పక్కకు వంచితే కాసేపటికి నూనెతోపాటు చీమ బయటికొచ్చింది. పిన్నిగారు దాన్ని వేలితో నలిపి, ఇంతదానివి ఎంత పని చేశావే అని కూలబడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఊపిరి నెమ్మదిగా ఒక తీరుకు వచ్చింది. చీమతో బతికాం, రేపు నిజంగా ఊపిరే ఆగితే అప్పుడు కూడా ముందు పాటేనా అని నాకు ఆలోచన తెగలేదు.

సాయంత్రం ఆయనకు పాలు పట్టే గొట్టం శుభ్రం చేస్తూ చెప్పేశాను. పాట తీసేశానని, ఇక పెట్టనని, కోపం వస్తే రానీ అని. నా గొంతు పెద్దదైంది. ఆయన నొక్కడం మొదలుపెట్టాడు. నేను గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాను. పూర్తయ్యాక యంత్రం చదివింది.

"తీసెయ్యకు. ముందు బోర్డు రానీ. పాట నేను నొక్కితే రావాలె."

అత్తమ్మ చట్టాన్ని ఆమె కొడుకే మార్చాడు. బోర్డు మీద కింది వరసలో ఒక గడి కలిపి దానికి పాట అని పేరు పెట్టాను. అది నొక్కితే పాట వస్తుంది, మధ్యలో మళ్లీ నొక్కితే ఆగుతుంది, బోర్డు ఎక్కడికీ పోదు. స్టార్టప్ ఫైలులో ఒకే వరస మిగిలింది. ఆ చిన్న పనికి అన్ని నెలలు ఎందుకు పట్టిందో ఆలోచిస్తే నా మీద నాకే చిరాకు వేసింది.

తెల్లవారి కంప్యూటర్ ఆన్ చేసి ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. బోర్డు వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో పాటకు ముందు మాట ఉండదు కాబట్టి నేనూ అలవాటుగా నోరు మూసుకునే ఉన్నాను. వెలుగు ఒక్కో వరస దిగుతూ పాట గడి మీదికి వచ్చింది. ఇప్పుడు నొక్కుతాడు అనుకున్నాను. నొక్కలేదు. వెలుగు మళ్లీ పైకెళ్లి మళ్లీ దిగింది. ఆయన దాన్ని మళ్లీ వదిలేశాడు. వేలు పనిచేయడం లేదేమోనని స్విచ్ సరిచేయబోయాను. ఆయన కళ్లు కిందికి దించాడు. వద్దని.

తర్వాత అక్షరాలు నొక్కాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకటి తప్పు పడితే చెరిపి మళ్లీ నొక్కాడు. యంత్రం ఏ మాటనైనా ఒకేలా చదువుతుంది, బజారులో రేట్లు చెప్పినట్టు. ఇదీ అలాగే చదివింది.

"నాకు భయమైతాంది. రోజు అయితాంది."

ఇన్నాళ్లూ పొద్దున్నే కళ్లు మూసుకుని తన పాట తాను వింటున్న మనిషిని చూసి, ఈయనకు ధైర్యం చెప్పే దేవుడున్నాడు, నాకే ఎవరూ లేరు అనుకునేదాన్ని. నేను స్టూలు దగ్గరికి లాక్కుని ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. దేవుడున్నాడనో, ఏమీ కాదనో అనవచ్చు. చర్చివాళ్లు వచ్చినప్పుడల్లా అదే అంటారు.

"నాక్కూడా అవుతోంది," అన్నాను. "ఒక్కరోజు కూడా చెప్పలేదు నేను."

ఆయన కళ్లు పైకెత్తాడు. అవునని. వెలుగు పాట గడి మీదికి వచ్చి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ అక్షరాల వరసలో నొక్కడం మొదలుపెట్టాడు. నేను కాలేజీకి ఫోను చేసి రానని చెప్పాను. ఆ రోజు మా ఇంట్లో పాట చాలా ఆలస్యంగా మొదలైంది.